ఎనభై నాలుగు దాటకూడదు

పందేనికి 43 రోజులు

కింది గ్యాలరీ 34 డిగ్రీలు. కార్డు 84. ఆటలో సెకనుకు 88 ఫ్రేములు.

ఈ పుస్తకం ఇవాళ నా చేతికి వచ్చింది. ఇంతకు ముందు ఇందులో రాసిన గట్టయ్య దీన్నీ, ఒక స్క్రూడ్రైవర్‌నూ నా ఒళ్ళో పెట్టి, పుట్టగొడుగుల మళ్ళలో పనికి వెళ్ళిపోయాడు. నిరుడు పందెం ఆయన వల్లే ఓడిపోయామని గని మొత్తం అంటుంది. అది పూర్తిగా నిజం కాదు. ఆయన ముందు నేను కూడా కాదని అనలేదు.

జరిగింది ఇది. పడవాటలో చివరి జలపాతం దగ్గర తెర మీద బొమ్మ అరక్షణం ఆగింది. మా తరఫున ఆడే జమున అప్పటికే పడవను ఎడమకు తిప్పేసింది. బొమ్మ మళ్ళీ కదిలేసరికి పడవ బండరాయి మీద ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు నీళ్ళు గీయడం అన్నిటికంటే కష్టం. ఆ నీళ్ళ దగ్గరే అది వేడెక్కుతుంది, వేడెక్కితే నెమ్మదిస్తుంది. ఆ అరక్షణానికి మేం రెండు వందల పన్నెండు మందిమి మూటాముల్లె సర్దుకుని గనిలో పై సొరంగం నుంచి, అంటే పై గ్యాలరీ నుంచి, కింది గ్యాలరీకి దిగాం. వాగవతలి గనివాళ్ళు పైకి ఎక్కారు.

పైన 27 డిగ్రీలు. కింద 34. నేల మీద ఎంతో ఇప్పుడు ఎవరూ కొలవడం లేదు. పొద్దున ఎనిమిదికి ఎండబెట్టిన మిరపకాయలు తొమ్మిదికల్లా తీయకపోతే మాడిపోతాయి, అది లెక్క.

నన్నెందుకు పెట్టారంటే, నేను ఇరవై రెండేళ్ళు పంపు నడిపాను. యంత్రం మూలిగితే నాకు అర్థమవుతుంది. మనుషులు మూలిగితే అంతగా అర్థం కాదని మా ఆయన మొగిలి అంటాడు.

పందేనికి 40 రోజులు

గ్యాలరీ 34. కార్డు 84. ఫ్రేములు 91.

కార్డు పని చేసే వేగాన్ని క్లాక్ అంటారు. దాన్ని పదిహేను పెంచాను. ఆట నడిచింది. ఇంకో పదిహేను పెంచాను. నడిచింది. మూడో పదిహేనుకు జలపాతం ఊదారంగుకు తిరిగి, పడవ గాల్లో తేలి, తెర నల్లబడింది. పదిహేను తగ్గించాను. ఇలా మధ్యాహ్నం షిఫ్టు అయిపోయింది.

సర్దార్ నర్సింగం వచ్చి వెనక నిలబడ్డాడు. గనిలో బొగ్గు తీసిన రోజుల్లో సర్దార్ అంటే పనివాళ్ళ మీద పెద్ద. ఇప్పుడు బొగ్గు లేదు, సర్దార్ ఉన్నాడు.

"ఏమైతాంది సారక్కా?"

"ఆగిపోతాంది సర్దార్ సాబ్."

"ఆగిపోకుంట చెయ్యరాదు?"

ఇటువంటి సలహా ఇవ్వడానికి ఒక మనిషి అరకిలోమీటరు నడిచి వస్తే ఏం చెబుతాం.

తర్వాత ఈ పుస్తకం ఎవరైనా చదివితే తెలియాలని ఒప్పందం కూడా రాస్తున్నాను. వాగవతలి గని నీట మునిగాక వాళ్ళు మా గనిలోకి వచ్చారు. పై గ్యాలరీలో అందరూ పట్టరు. మొదటి ఏడాది పారలతో, పలుగులతో కొట్టుకున్నాం. ఏడుగురు పోయారు, అందులో మా మరిది ఒకడు. అప్పుడు రెండు గనుల పెద్దలూ కూర్చుని, ఒకప్పుడు యంత్రాల డ్రైవర్లకు తెర మీద శిక్షణ ఇచ్చిన గదిలోంచి ఒకే రకం కార్డులు రెండు తీశారు. చెరొకటి. ఏడాదికోసారి పడవాట, మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకు పై గ్యాలరీ. కార్డుకు కొత్త సామాను తగిలించకూడదు. క్లాక్ ఎంత పెంచుకుంటారో ఎవరి ధైర్యం వాళ్ళది. కార్డు కాలిపోతే ఆ గనివాళ్ళు ఇక ఎప్పటికీ కిందే, ఎందుకంటే మూడో కార్డు లేదు.

పందేనికి 33 రోజులు

గ్యాలరీ 34. కార్డు 79. ఫ్రేములు 99.

కార్డు విప్పాను. చిప్పుకూ, పైనున్న రేకుకూ మధ్య పూసిన పేస్టు ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ పేస్టు ఉంటేనే చిప్పు వేడి రేకులోకి దిగుతుంది. గట్టయ్య దాన్ని తొమ్మిదేళ్ళుగా ముట్టుకోలేదట. పోతే తన పేరే చెబుతారని భయమట.

పేస్టు మా దగ్గర లేదు. ఒళ్ళు పేలిన వాళ్ళకు కాంపౌండర్ ఇచ్చే తెల్ల మందు ఉంది, అందులో జింకు ఉంటుంది. ఒక డబ్బా అడిగాను. ఎవరికి పేలిందని అడిగాడు. కార్డుకని చెప్పాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు, డబ్బా ఇచ్చాడు.

బఠాణీ గింజంత పెట్టి బిగించాను. ఐదు డిగ్రీలు దిగింది. సర్దార్‌కు చెబితే, గనిలో సగం మందికి వీపులు పేలి ఉంటే మందు యంత్రానికి పూస్తావా అన్నాడు. పై గ్యాలరీకి వెళితే వీపులు వాటంతటవే తగ్గుతాయని చెప్పాను. వీపు గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

పందేనికి 26 రోజులు

గ్యాలరీ 35. కార్డు 84. ఫ్రేములు 94. తగ్గాయి. కారణం కింద రాస్తున్నాను.

పొద్దున కాంపౌండర్ మొగిలి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. బొగ్గు దుమ్ము పాతికేళ్ళుగా ఆ ఊపిరితిత్తుల్లో కూర్చుని ఉంది. పైన ఉన్నన్నాళ్ళు అది ఆయన జోలికి రాలేదు. ఈసారి ఈ ఉక్కపోతలోకి దిగిన దగ్గరి నుంచి ఒక మాటను రెండు మూడు ముక్కలు చేసి గానీ చెప్పలేకపోతున్నాడు.

కాంపౌండర్ నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, దాచుడెందుకు. మందుతోని అయ్యేటిది కాదు. పై గాలి గావాలె."

"గెలవకపోతే?"

"ఇంకో ఏడు గీ కిందనే అంటే నేను మాట ఇయ్యలేను."

వచ్చి కూర్చుని ఒకేసారి క్లాక్‌ను అరవై పెంచాను. కార్డు నిమిషంలో 84కు ఎక్కింది. 84 దాటబోతే కార్డు తనంతట తాను నెమ్మదిస్తుంది, అది దాని స్వభావం. ఆ కాపలా తీసేయొచ్చు, కానీ తీసేస్తే 92 దగ్గర కాలిపోతుంది. పెంచినకొద్దీ ఫ్రేములు తగ్గాయి. తెలిసి తెలిసి చేసిన పిచ్చిపని ఇది. భయం వేసింది. భయం రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు, కాబట్టి ఇక్కడ రాశాను.

అరవై తగ్గించాను.

పందేనికి 22 రోజులు

గ్యాలరీ 34. కార్డు 74. ఫ్రేములు 112.

ఇవాళ్టి పని మొగిలిది. నేను మూడు రోజులుగా ముఖం మాడ్చుకుని ఉంటే, ఏమైందని అడిగాడు. క్లాక్ పెంచితే వేడి, వేడెక్కితే నెమ్మది, ఇదే గొడవ అని చెప్పాను. ఆయన బొగ్గు ఎత్తే లోడర్ డ్రైవరు.

"బకెట్ నిండ ఎత్తితే..." అని ఆగాడు. "ఇంజన్ మూలుగుతది. నేను ముప్పావే ఎత్తేది." మళ్ళీ ఆగాడు. "ట్రిప్పులు ఎక్కువ గొట్టేది. షిఫ్టు అయ్యేటాల్లకు... టన్నులు నాయే ఎక్కువుండె."

"మరి నాకెందుకు చెప్పలే ఇన్ని రోజులు?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో లోడర్ గురించి నేను ఏమీ అడగలేదు. ఆయనా పంపు గురించి అడగలేదు, అక్కడికి సరి.

కార్డుకు అందే వోల్టేజీని కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను. మొన్న తగ్గించిన అరవై మళ్ళీ పెంచి, క్లాక్ అలాగే ఉంచాను. కార్డు ఆగిపోతుందనుకున్నాను, ఆగలేదు. పది డిగ్రీలు చల్లబడింది. ఇప్పుడు క్లాక్ ఇంకా పెంచడానికి చోటు దొరికింది. మొగిలికి చెబితే గోడవైపు తిరిగి పడుకుని "నేను చెప్పలే?" అన్నాడు. రెండు రోజులు ఇదే వినాలి.

పందేనికి 13 రోజులు

గ్యాలరీ 34. కార్డు 78. ఫ్రేములు 118.

ఒకరి కార్డును ఒకరు చూసుకోవడం ఒప్పందంలో ఉంది. అవతలి గని కార్డు చూసుకునే పోశెట్టి ఇవాళ దిగి వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. మూడేళ్ళ కింద ఒకసారి, నిరుడు ఒకసారి గెలిచాడు. గెలిచిన మనిషిలా నడుస్తాడు. నాకు అతని నడకే పడదు.

కార్డు చుట్టూ దీపం పెట్టి చూశాడు. కొత్త సామాను ఏదీ లేదని తేల్చుకున్నాడు. తెల్ల మందు వాసన చూసి ఏదో అడగబోయి మానేశాడు.

"ఎంత మీద నడుస్తాంది అక్కా?"

"నడుస్తాంది తమ్మీ."

"మాది నూట ఇరై అయిదు."

"ఎందుకు నడవది, ఆడ చల్లగుంటది గద."

"చల్లగుండుడు మా తప్పా?"

"నిరుడు గా చల్లదనం మాకుండె. అప్పుడు నువ్వు తప్పన్నవ్."

నవ్వాడు. చెమట తుడుచుకున్నాడు. వచ్చి పావుగంట కాలేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఏడాదికే మర్చిపోయిన. కింద ఎప్పుడు గిట్లనే ఉంటదా?" అని అడిగాడు.

"లేదు. ఎండకాలం ఇంక మంచిగుంటది," అన్నాను.

ఉడికించిన పుట్టగొడుగులు పెట్టాం. తిన్నాడు. అతను వెళ్ళాక జమున వచ్చి, నూట ఇరవై ఐదు నిజమేనా అని అడిగింది. అబద్ధమై ఉంటుందని చెప్పాను. నిజమై ఉంటుందని నాకు తెలుసు.

పందేనికి 8 రోజులు

గ్యాలరీ 31. కార్డు 79. ఫ్రేములు 124.

గాలి చందాతో నడిపి చూసే రోజు. పందెం రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ ఫ్యాను, దీపం ఆపేసి, ఆ కరెంటును పెద్ద ఫ్యానుకు వదిలేస్తారు. దాన్నే గాలి చందా అంటాం. ఇవాళ తెల్లవారకముందే సర్దార్ అందరినీ నేల మీదికి పంపి, గంటసేపు గ్యాలరీని నాకూ జమునకూ వదిలాడు.

మూడు డిగ్రీలు చల్లబడింది. జమున పన్నెండు సార్లు జలపాతం దూకింది. పన్నెండు సార్లూ బొమ్మ ఆగలేదు. నురగలో ఒక్కొక్క బొట్టు విడివిడిగా కనిపించింది. నిజం వాన చూసి ఆరేళ్ళు అయింది, అదీ తుంపర. కొంచెంసేపు నేను ఫ్రేముల అంకె చూడటం మానేసి నీళ్ళనే చూశాను.

"పెద్దమ్మా, గిట్ల నడిస్తే నేను కండ్లు మూసుకొని గెలుత్త," అంది జమున.

"తెర్సుకునే గెలువు బిడ్డా."

ఇక ముట్టుకునేది లేదు. ఈ కార్డు ఇంతకంటే మంచిగా నడవదు. నా పనికి నేనే మెచ్చుకుంటున్నాను, వేరే ఎవరూ మెచ్చుకునే తెలివిగలవాళ్ళు కనబడటం లేదు.

పందెం రోజు

పొద్దున 9:00. గ్యాలరీ 31. కార్డు 52, ఇంకా ఆట పెట్టలేదు.

మస్టర్ పిలిచారు. పందెం రోజు ప్రతి మనిషీ గ్యాలరీలోకి వచ్చి పేరు పలకాలి, ఆట అయ్యేదాకా కదలకూడదు. ఎవరైనా లేచిపోతే ఓటమిని వాళ్ళే తెచ్చారంటారు. రెండు వందల పన్నెండు మందీ వచ్చారు. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నారు. మొగిలికి ముందు వరుసలో బల్ల వేశారు. అవతలివాళ్ళు పై గ్యాలరీలో కూర్చుని ఆడతారు, రెండు తెరలకూ మధ్య తీగ ఉంది.

9:40. మొదటి ఆట. గ్యాలరీ 33. కార్డు 81. ఫ్రేములు 123. గెలిచాం. జలపాతం దగ్గర జమున వాళ్ళ పడవను తోసుకుంటూ దూకింది. ఈలలు. సర్దార్ ఎవరినో ఎత్తుకున్నాడు, ఎవరో చూడలేదు.

10:20. రెండో ఆట. గ్యాలరీ 37. కార్డు 84. ఫ్రేములు 90, ఒకచోట 71. ఓడిపోయాం.

అదే జలపాతం. అదే అరక్షణం. పడవ అదే రాయి మీదికి ఎక్కింది. జమున చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది.

10:25. కార్డు తాకాను. ఫ్యాను తిరుగుతోంది. వోల్టేజీ నేను పెట్టినంతే ఉంది. మందు కరిగి కారలేదు. అప్పుడు గ్యాలరీ థర్మామీటర్ చూశాను. 38. ఇది 31 ఉన్న గది. కార్డులో తప్పు లేదు, అది పీల్చే గాలిలో ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. భుజాలు భుజాలు తగులుతూ రెండు వందల మంది. అందరూ చెమటలు కక్కుతున్నారు.

నా తప్పు ఏమిటో ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. పంపు గదిలో ఇరవై రెండేళ్ళు నేనొక్కదాన్నే పని చేశాను. కార్డును కూడా ఖాళీ గ్యాలరీలోనే పరీక్షించాను. ఊరికే కూర్చున్న మనిషి కూడా వంద వాట్ల బల్బంత వేడి వదులుతాడు. కార్డు మొత్తం తాగేది మూడు వందల వాట్లు. అంటే కార్డు చుట్టూ రెండు వందల బల్బులు వెలిగించి, మధ్యలో దాన్ని పెట్టి, వేడెక్కకు అన్నాను. జనం వస్తారని నాకు తెలుసు. జనాన్ని వేడిగా లెక్కపెట్టాలని తట్టలేదు.

10:28. సర్దార్‌కు చెప్పాను.

"అందరు బయటికి పోవాలె సర్దార్ సాబ్. మూడో ఆట అయ్యేదాక."

"పందెం నాడు మస్టర్ల నుంచి లేస్తరా? నెత్తి తిరిగిందా?"

"కూసుంటే ఓడిపోతం. గంతే."

"పోతే ఏడికి పోవాలె? మళ్ళలకా?"

మళ్ళకు కుదరదు. గాలి అటు నుంచే గ్యాలరీలోకి వస్తుంది, వాళ్ళ వేడి కూడా దానితో వస్తుంది. పైకి వెళ్ళే ఏటవాలు దారిలో నిలబడినా అంతే. పూర్తిగా గని నోరు దాటి నేల మీదికి వెళ్ళాలి. పొద్దున పదిన్నరకు, ఈ నెలలో, ఎండలోకి. ఆ మాట చెప్పగానే గ్యాలరీలో గోల మొదలైంది. ఒకాయన నన్ను తిట్టాడు. ఒకామె గట్టయ్యే నయమంది. గట్టయ్య తల దించుకుని కూర్చున్నాడు.

పసిపిల్లల్నీ, తల్లుల్నీ, నడవలేని ముసలివాళ్ళనూ పక్కనున్న పంపు గదిలో పెట్టి తలుపు వేసుకోవచ్చని చెప్పాను. పంతొమ్మిది మంది. మొగిలిని ఆ లెక్కలోనే వేశాను.

మొగిలి బల్ల మీద నుంచి లేచాడు. పంపు గది వైపు కాదు, ఏటవాలు దారి వైపు రెండడుగులు వేశాడు.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"నేను కూసుంటే..." ఆగాడు. "అందరు కూసుంటరు."

"రెండు వందల నలభై మెట్లున్నయ్. నీతోని కాదు."

"కాకపోతే... మోత్తరు."

ఆపాలనే ఉంది. ఏ ఊపిరి కోసం నలభై మూడు రోజులు ఈ పెట్టె ముందు కూర్చున్నానో, ఆ ఊపిరే ఎండలోకి మెట్లెక్కుతోంది. గట్టయ్య లేచి వెళ్ళి మొగిలి చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. అటువైపు కాంపౌండర్ పట్టుకున్నాడు. వాళ్ళ వెనక ముందు వరుస లేచింది, దాని వెనక వరుస లేచింది. తిట్టిన ఆయన కూడా లేచాడు, తిడుతూనే. గోనెసంచులు తడిపి నెత్తిన వేసుకున్నారు. సర్దార్ చివరన నిలబడి, మస్టర్ పుస్తకం తెరిచి, పోయేవాళ్ళ పేరుపేరుకూ గీత పెట్టాడు.

10:50. ఆట మధ్య విరామం అయిపోయింది. గ్యాలరీ 35. కార్డు 61.

10:52. మూడో ఆట మొదలు. గ్యాలరీలో నేను, జమున. ఇంతమంది ఉండే చోట ఫ్యాను చప్పుడు వినబడటం ఇదే మొదటిసారి.

నేను తెర చూడలేదు. అంకె చూశాను. 77. 79. 80. పడవలు మొదటి మలుపు దాటాయని జమున కుర్చీ కిర్రుమంటే తెలిసింది. 82. గ్యాలరీ 34కు దిగింది. 83. జలపాతానికి ముందున్న సుడుల దగ్గర నీళ్ళు ఎక్కువ, 83 అలాగే నిలబడింది. కార్డు నెమ్మదించే కాపలాను తీసేయడానికి ఒక్క మీట నొక్కితే చాలు. తీసేస్తే ఫ్రేములు పడిపోవు. కాలితే మాత్రం ఈ రెండు వందల మందీ, వాళ్ళ పిల్లలూ ఎప్పటికీ కిందే. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

84.

84.

83.

"పెద్దమ్మా," అంది జమున.

"ఏంది?"

"అయిపోయింది."

"ఏమైంది?"

"దాటిన."

అప్పుడు తెర చూశాను. మా పడవ నిశ్చలమైన నీళ్ళలో నిలబడి ఉంది, వెనక జలపాతం పడుతోంది. గెలిపించిన ఆ దూకడాన్ని మావాళ్ళెవరూ చూడలేదు. చూడగలిగిన ఒక్క మనిషిని నేను, నేనూ చూడలేదు. ఎలా దూకావని తర్వాత చాలామంది జమునను అడిగారు. తనకు గుర్తు లేదంది.

11:15. కేకేస్తే వినబడదు కాబట్టి జమునే మెట్లెక్కి వెళ్ళి చెప్పింది. ఎర్రగా కాలిన ముఖాలతో దిగారు. ఇద్దరు సొమ్మసిల్లారు, నీళ్ళు చల్లితే లేచారు. మొగిలిని గట్టయ్య వీపు మీద మోసుకొచ్చాడు. పెదాలు నల్లబడ్డాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. మాట్లాడలేకపోయాడు, కానీ వేళ్ళలో బలం ఉంది. ఆయన పక్కన కూలబడి ఏడ్చాను. అందరూ గెలిచినందుకు ఏడ్చాననుకున్నారు.

పందెం తర్వాత 4 రోజులు

కార్డు విప్పి పెట్టెలో పెట్టాను. కొలతలు లేవు.

ఇళ్ళు మారే రోజు. రెండు గనులవాళ్ళమూ ఒకే ఏటవాలు దారిలో ఒకేసారి కదులుతాం. ఎక్కేవాళ్ళు ఎడమ, దిగేవాళ్ళు కుడి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. వెనకటి కొట్లాట ఈ దారి మీదే ఒక్క మాటతో మొదలైంది కాబట్టి పెద్దలు పెట్టిన నియమం అది. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పలేదు.

మొగిలిని ముందే మంచం మీద మోసుకుపోయారు. నేను కార్డు పెట్టె చంకన పెట్టుకుని ఎక్కుతున్నాను. ఎదురుగా పోశెట్టి దిగుతున్నాడు. నెత్తిన మూట, ఒక చేతిలో తన కార్డు పెట్టె. ఇంకో చేత్తో ఎనిమిదేళ్ళ ఆడపిల్లను పట్టుకున్నాడు. అతనికి కూతురుందని నాకు తెలియదు. ఆ పిల్ల పది మెట్లు దిగి ఆగుతుంది. గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరిచి, రెండు మూడు సార్లు గాలి లాక్కుంటుంది. మళ్ళీ పది మెట్లు. దిగడానికే అంత కష్టపడుతోంది. ఆ ఆగడం నాకు తెలుసు. ఏడాదిపాటు మా ఇంట్లో పగలూ రాత్రీ అదే విన్నాను.

పోశెట్టి నన్ను చూసి తల తిప్పుకున్నాడు. దాటిపోయాడు. నేనూ నాలుగు మెట్లు ఎక్కాను. తర్వాత దిగాను.

"తమ్మీ."

అటూ ఇటూ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆగిపోయారు. సర్దార్ "సారక్కా!" అని అరిచాడు, అరిచి తనూ మాట్లాడానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"బొగ్గు పిల్లర్లు లెక్కవెట్టుకుంట పో. పదకొండో పిల్లర్ ఎనక ఒక సందున్నది. గోడల చెయ్యంత పగులున్నది, గాలి ఆణ్ణుంచి అత్తది. గదంత ముప్పై నాలుగుంటే ఆడ ముప్పై ఒకటే ఉంటది. మీరున్నప్పుడు కనవడకపోవచ్చు, మాకు దొరికేటాల్లకు నాలుగు నెలలు వట్టింది. పిల్ల మంచం ఆడ వెయ్యి."

పోశెట్టి నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూశాడు. ఆ పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని నా చంకలోని పెట్టెను చూస్తోంది.

"తల ఏ దిక్కు?" అని అడిగాడు.

"పగులు దిక్కు. పక్కకు పండుకోవెట్టు, ఎల్లకిల వద్దు."

తల ఊపాడు. పిల్లను ఎత్తుకోబోతే అది వద్దంది. మళ్ళీ పది మెట్లు దిగారు, ఆగారు. నేను ఎక్కాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కొట్లాట కూడా జరగలేదు.

పందెం తర్వాత 19 రోజులు

పై గ్యాలరీ 27. కార్డు 66. ఫ్రేములు 129, కొత్తగా ఏమీ పెంచకుండానే. పోశెట్టి చెప్పిన నూట ఇరవై ఐదు అబద్ధం కాదు. తక్కువే చెప్పాడేమో.

కాంపౌండర్ గొట్టం పెట్టి విన్నాడు. బాగుందన్నాడు. మొగిలి రాత్రి మొత్తం నిద్రపోతున్నాడు. పొద్దున లేచి తానే నీళ్ళు తెచ్చుకుంటున్నాడు. వీపులు పేలినవాళ్ళందరికీ తగ్గిపోయింది, నేను చెప్పినట్టే.

మధ్యాహ్నం నేను కార్డు ముందు కూర్చుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ మెట్ల మీద జరిగింది ఎవరో ఆయనకు చెప్పారు.

"ఆ పిల్లకు సందు చూపిచ్చినవట."

"చూపిచ్చిన."

"మరి వోల్టేజీ తగ్గిచ్చుడు గూడ చెప్పినవా?"

"చెప్పలే."

తెర వైపు తిరిగాడు. పడవ ఖాళీగా నీళ్ళ మీద ఊగుతోంది.

"నువ్వు చెప్పవ్, నేను గూడ చెప్పమనను, అచ్చే ఏడు గూడ నువ్వే గెలుత్తవ్, ఆ పోరి ఇంకో ఏడు ఆ సందులనే పండుకుంటది, నేను గీడ చల్లగ కూసుంట, గిదే గద సారా మనం చేసేది."

ఇంత పొడుగు మాటను ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో అన్నాడు.